పెళ్ళిలో డ్రోన్ ఎగరేయించే ముందు తేల్చుకోవాల్సినవి

పెళ్ళికి డ్రోన్ మాట్లాడుకునేటప్పుడు అందరూ అడిగేది క్వాలిటీ ఎలా ఉంటుంది, ఎన్ని షాట్లు ఇస్తారు అనే. అది ఎక్కడి నుంచి లేస్తుంది, ఎక్కడ దిగుతుంది, మధ్యలో ఏమన్నా అయితే ఎవరి మీద పడుతుంది అని అడిగేవాళ్ళు చాలా తక్కువ. ముందు అడగాల్సింది అదే. ఇది డ్రోన్ ఎగరేసేవాళ్ళకీ, వాళ్ళని పిలిచే కుటుంబాలకీ కూడా చెబుతున్నా, ఎందుకంటే పెళ్ళిలో డ్రోన్‌ని జనం నెత్తి మీదికి తెచ్చేది చాలావరకు మొహమాటమే. "ఇంకొంచెం కిందికి దించు, ఇంకొంచెం దగ్గరికి రానీ" అని ఇంట్లో పెద్దవాళ్ళెవరో అంటారు, డబ్బులిచ్చేది వాళ్ళే కాబట్టి కుర్రాడు కాదనలేడు. అందుకే ఎక్కడ ఎగరాలి, ఎక్కడ ఎగరకూడదు అన్నది ముందు రోజే తేల్చేయండి, ఎగరడం కుదరదని చెప్పే హక్కు పైలట్‌కే వదిలేయండి, ఆ మాట ఇంట్లో అందరికీ చెప్పండి.

ఒక చిన్న లెక్క చూడండి. మావిక్ 3 లాంటి డ్రోన్ బరువు దాదాపు 900 గ్రాములు. 30 మీటర్ల ఎత్తులో అది ఆగిపోతే కింద పడటానికి పట్టేది రెండున్నర సెకన్లు, గాలి నిరోధం పక్కన పెడితే నేలని తాకేటప్పటికి వేగం గంటకి 85 కిలోమీటర్ల పైమాటే. తప్పుకోండి అని అరిచేలోపు అయిపోతుంది. నాలుగు రెక్కలున్న మామూలు డ్రోన్లలో ఒక్క మోటారు ఆగినా మిగతా మూడూ దాన్ని నిలబెట్టలేవు, గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. 2015 డిసెంబర్‌లో ఇటలీలోని మడోన్నా డి కాంపిగ్లియోలో స్కీ పోటీ జరుగుతుంటే, షూటింగ్ చేస్తున్న డ్రోన్ నేరుగా పోటీలో ఉన్న స్కీ ఆటగాడు మార్సెల్ హిర్షర్ వెనకే కూలింది, ఆయన వెంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. అది టీవీ ప్రసారం కోసం ఎగరేసిన డ్రోన్, అంటే సామాను మంచిదైనంత మాత్రాన పడదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

కాబట్టి మొదటి నియమం, జనం తలల మీదుగా ఎగరేయొద్దు. ఎంత ఎత్తులో ఉంటే కనీసం అంత దూరం పక్కకి ఉండాలని పెట్టుకోండి, 30 మీటర్ల ఎత్తుకి 30 మీటర్ల దూరం అన్నమాట. షాట్ పోతుందేమో అని టెన్షన్ అక్కర్లేదు, నిలువుగా పైనుంచి తీస్తే కనిపించేవి తలకాయలే, పక్కనుంచి ఏటవాలుగా తీస్తే ముఖాలూ వెలుతురూ వెనకున్న చోటూ అన్నీ వస్తాయి. గ్రూప్ ఫోటోకి కూడా అంతే.

ఇప్పుడు చాలామంది పట్టించుకోని విషయం. సిగ్నల్ తెగినా బ్యాటరీ అయిపోవచ్చినా డ్రోన్ దానంతటదే లేచిన చోటికి తిరిగొచ్చేస్తుంది, దాన్నే రిటర్న్ టు హోమ్ అంటారు. వినడానికి భద్రంగానే ఉంటుంది, కానీ పెళ్ళిలో ఇదే కొంప ముంచుతుంది. సాయంత్రం ఖాళీగా ఉన్న పచ్చిక మీద నుంచి లేపారనుకోండి, అది పైన తిరుగుతుండగానే అదే చోట కుర్చీలు వేసి జనం కూర్చునేస్తారు, డ్రోన్‌కి ఆ సంగతి తెలియదు, గుర్తుపెట్టుకున్న పాయింట్ మీదికే వచ్చి దిగబోతుంది. అందుకే ఫంక్షన్ అయ్యేదాకా ఎవరూ రాని చోటు ఒకటి చూసుకుని, తాడు కట్టేసి, ప్రతిసారీ అక్కడి నుంచే లేపండి, హోమ్ పాయింట్ అక్కడే నమోదైందని స్క్రీన్ మీద చూశాకే కదిలించండి. తిరిగొచ్చే ఎత్తు చుట్టుపక్కల ఉన్న అన్నిటికన్నా ఎత్తైన చెట్టు, స్తంభం, భవనం కంటే ఎక్కువ ఉండేలా పెట్టండి. చెట్టు కొమ్మల కింద, టెంట్ అంచున, అలంకరణ తోరణం కింద నుంచి లేపొద్దు, వాటి కిందికి దూరి ఎగరేయొద్దు, ఎందుకంటే సిగ్నల్ పోగానే అది నిట్టనిలువుగా పైకి లేచి వాటికి తగులుకుంటుంది.

హాలు లోపల ఎగరేయాలంటే నా సలహా వద్దనే. తప్పదనుకుంటే జనం లోపలికి రాకముందు, రెక్కల చుట్టూ గార్డు ఉన్న చిన్న డ్రోన్‌తో తీసేయండి. లోపల జీపీఎస్ అందదు, కింద ఉన్న కెమెరాలతో నేలని చూస్తూ అది నిలబడుతుంది, నున్నగా మెరిసే నేల, మసక వెలుతురు, స్టేజీ పొగ ఉంటే ఆ కెమెరాలకి ఏమీ అర్థం కాక డ్రోన్ పక్కకి జారిపోతుంది. సిగ్నల్ పోతే ఏం చేయాలి అనే సెట్టింగ్‌ని కూడా మార్చాలి, తిరిగి రమ్మని ఉంటే అది పైకి లేచి సీలింగ్‌ని కొడుతుంది, లోపల ఉన్నప్పుడు ఉన్నచోటే ఆగమని గానీ దిగిపొమ్మని గానీ పెట్టుకోవాలి.

అడ్డం వస్తే సెన్సర్లు ఆపుతాయిలే అనుకోవద్దు. సన్నని లైటు తీగలు, కరెంటు వైర్లు, ఆకుల్లేని కొమ్మలు, గాజు వాటికి సరిగా కనపడవు. కొన్ని మోడళ్ళకి వెనకా పక్కలా సెన్సర్లే ఉండవు, పెళ్ళిలో అందరూ అడిగే షాటేమో వెనక్కి జరుగుతూ తీసేదే. ఆ షాట్ తీసే ముందు ఆ దారంతా ఒకసారి నడిచి చూసుకోండి.

పూలరేకులు, మెరుపు కాగితాలు, రిబ్బన్లు చల్లే సమయంలో డ్రోన్ కిందే ఉండాలి. రిబ్బన్ ఒక్కటి మోటారుకి చుట్టుకున్నా చాలు. రెక్కల గాలి కూడా తక్కువది కాదు, వదులుగా వేలాడే గుడ్డల్నీ వెలుగుతున్న దీపాల్నీ కలిపేయగలదు. బాణసంచా కాల్చేటప్పుడు ఆ పక్కకే పోవద్దు, రాకెట్లు పేలే ఎత్తూ డ్రోన్ ఉండే ఎత్తూ దాదాపు ఒకటే.

ఎగరేసే ముందు రెక్కల్ని ఒక్కోదాన్నీ చేతిలోకి తీసుకుని అంచు వెంట గోరు లాగండి, ఎక్కడన్నా గోరు తట్టుకుంటే ఆ రెక్క పక్కన పడేయండి, మొదలు దగ్గర సన్నని పగులు కంటికి కనపడకపోయినా కొంచెం వంచితే తెలుస్తుంది. బ్యాటరీ ఉబ్బి ఉంటే గూట్లో సాఫీగా కూర్చోదు, నొక్కి ఎక్కించాల్సి వస్తుంటే అది వాడొద్దు. కింద గాలి లేదని పైన ఉండదనుకోవద్దు, చిన్న డ్రోన్లు చాలావరకు సెకనుకి 10 మీటర్ల గాలి దాకే తట్టుకుంటాయి, ఎదురుగాలిలో తిరిగి రావాలంటే బ్యాటరీ గబగబా తగ్గిపోతుంది. 30 శాతానికి వచ్చేసరికి వెనక్కి తిప్పేయండి, ఇంకొక్క షాట్ అని ఎవరన్నా సరే.

పైలట్ పక్కన ఒక మనిషి తప్పనిసరిగా ఉండాలి. స్క్రీన్ చూపించమని వచ్చేవాళ్ళని ఆపడం, పిల్లల్ని దూరంగా ఉంచడం, ఆకాశం వైపు చూస్తూ ఉండటం, అతని పని ఇదే. డ్రోన్ కిందికి వస్తుంటే దాన్ని అందుకోవాలని అందరికీ చెయ్యి ముందుకొస్తుంది. 2015లోనే మెక్సికోలోని తిహ్వానా కచేరీలో గాయకుడు ఎన్రిక్ ఇగ్లేసియస్ స్టేజీ మీదికొచ్చిన డ్రోన్‌ని చేత్తో పట్టుకోబోతే వేళ్ళు తెగి సర్జరీ దాకా వెళ్ళింది. రెక్కలు పూర్తిగా ఆగేదాకా ఎవరూ దగ్గరికి రాకూడదు, పెళ్ళికొడుకైనా సరే.

రూల్స్ ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, చాలాచోట్ల 250 గ్రాములు దాటితే రిజిస్ట్రేషన్, 120 మీటర్లు దాటి ఎగరకూడదనడం, జనసమూహాల మీదా విమానాశ్రయాల దగ్గరా ఆంక్షలు ఉంటాయి. మీ దగ్గర ఏం వర్తిస్తుందో పైలట్‌ని కాగితం చూపించమని అడగండి, ఇన్సూరెన్స్ ఉందో లేదో కూడా అడగండి. అడిగితే చిరాకు పడేవాళ్ళని పెట్టుకోకపోవడమే మంచిది.

ఒకవేళ కూలిపోతే ముందు మనుషుల్ని చూడండి, కంటి దగ్గర చిన్న గీత పడినా ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి పంపండి. తర్వాత బ్యాటరీ సంగతి. దెబ్బ తిన్న లిథియం బ్యాటరీ అప్పటికి మామూలుగానే కనిపించి కాసేపటికి అంటుకోవచ్చు, కాబట్టి దాన్ని బ్యాగులోనో కారులోనో పెట్టకుండా ఆరుబయట మట్టి మీదో ఇసుక మీదో, టెంట్‌కీ జనానికీ దూరంగా ఉంచి, ఒక మనిషిని కాపలా పెట్టండి.