రోటావేటర్ గేర్ బాక్స్ కాలుతోందా? దుక్కులు మొదలవక ముందే ఇవి చూసుకోండి

రోహిణి కార్తె దగ్గర పడింది. మొదటి వాన పడిందంటే ఊళ్ళో అందరికీ ఒక్కసారే దుక్కి కావాలి, పొద్దున ఐదింటికి ట్రాక్టర్ ఎక్కిన మనిషి చీకటి పడ్డాక గానీ దిగడు. ఆ పదిహేను రోజుల్లో, ట్రాక్టర్ వెనక తగిలించి తిరిగే బ్లేడ్లతో నేలని దున్నే రోటావేటర్ గురించి నాకు ఎక్కువగా వచ్చే ఫోన్ ఒకటే: "అన్నా, రోటావేటర్ గేర్ బాక్స్ మీద చెయ్యి పెట్టలేకపోతున్నాం, ఆపెయ్యమంటావా?" కొందరు టెన్షన్ పడి మంచి అదునులో షెడ్డుకి లాక్కెళ్ళి, ఏ రోగమూ లేని డబ్బాని విప్పిస్తారు. ఇంకొందరు వేడెక్కడం మామూలే కదా అని అలాగే తోలి లోపలి గేర్ల జత, అంటే క్రౌన్ పినియన్ పళ్ళు రాలగొట్టుకుంటారు. రెండు రకాల నష్టమూ కళ్ళారా చూశాను కాబట్టే ముందుగా రాస్తున్నా.

అసలు ఆ వేడి ఎక్కడిది? పీటీవో అంటే ట్రాక్టర్ వెనక ఇంజిన్ బలాన్ని పనిముట్టుకి అందించే తిరుగుడు కడ్డీ. దాని నుంచి వచ్చే తిరుగుడుని క్రౌన్ పినియన్ అడ్డానికి మళ్ళించి పక్కనున్న గేర్ కేసుకి పంపుతుంది. పళ్ళు రాసుకుంటాయి, బేరింగ్‌లు తిరుగుతాయి, ఆయిల్ చిలకబడుతుంది, ఇదంతా వేడే. ఒక్క క్రౌన్ పినియన్ దగ్గరే రెండు మూడు శాతం బలం వేడిగా పోతుంది. గట్టి నేలలో బండి 30 హెచ్‌పీ దాకా వెనక్కి పంపుతుందనుకుంటే 450 నుంచి 670 వాట్లు, అంటే ఆ ఇనప డబ్బాలో ఒక చిన్న ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి రోజంతా వదిలేసినట్టు. కాలకుండా ఎలా ఉంటుంది చెప్పండి?

ఇక చెయ్యి పెట్టి చూసే అలవాటు. 50 డిగ్రీలు దాటిన ఇనుముని మన చెయ్యి కొన్ని సెకన్లకు మించి ఓర్చుకోలేదు, 60 దాటితే తగిలీ తగలకముందే లాగేసుకుంటాం. గేర్ బాక్స్‌కి మాత్రం 60 అంటే ఇంకా చల్లగా ఉన్నట్టే. బయటి గాలి వేడికి ఇంకో 40, 50 డిగ్రీలు కలుపుకుంటే ఎడాపెడా పనిలో ఉన్న గేర్ బాక్స్ వేడి సుమారుగా వస్తుంది. సంక్రాంతి రోజుల్లో పొద్దున 25 డిగ్రీల్లో 65, 75 చూపించే అదే డబ్బా, మే నెలాఖరులో మా ఖమ్మం వైపు ఎండ 45 కొట్టినప్పుడు 85, 95 చూపిస్తుంది. డబ్బా అదే, ఆయిల్ అదే, మారింది ఎండ. గేర్ బాక్స్‌లో పోసే 90 నంబర్ ఆయిల్ ఆ వేడిని తట్టుకుంటుంది. 100 దాటుతుంటే మాత్రం జాగ్రత్త పడాలి, ఎందుకంటే ఆయిల్ కారకుండా ఆపే మామూలు రబ్బరు సీళ్ళు అక్కడి నుంచే గట్టిపడి పగలడం మొదలుపెడతాయి, ఆయిల్ కూడా ప్రతి పది డిగ్రీలకీ దాదాపు సగం ఆయుష్షు పోగొట్టుకుంటుంది. 110 చూపిస్తే సాలు చివరిదాకా కూడా వెళ్ళొద్దు, అక్కడే ఆపండి.

కొలవడానికి కరోనా టైంలో కొన్న నుదుటి థర్మామీటర్ పనికిరాదు, అది మనిషి జ్వరం వరకే చూపిస్తుంది. పారిశ్రామిక పనులకి వాడే లేజర్ గన్ కావాలి, నలుగురు ట్రాక్టర్ వాళ్ళు కలిసి ఒకటి కొనుక్కున్నా సరిపోతుంది. మెరిసే ఇనుము మీద గురిపెడితే తక్కువ చూపిస్తుంది, కాబట్టి మట్టి గీకేసి పెయింట్ ఉన్న చోట, ప్రతిసారీ అదే చోట కొలవండి. గన్ లేదంటే పీటీవో తప్పించి, ఇంజిన్ ఆపి, డబ్బా మీద రెండు చుక్కల నీళ్ళు వెయ్యండి. నెమ్మదిగా ఆరిపోతే ఫర్వాలేదు. చుయ్‌మని పొంగి ఎగిరితే వంద దాటిందని అర్థం.

నా మాటగా ఒకటి గుర్తుపెట్టుకోండి: ఎంత వేడి అనే దానికన్నా నిన్నటికీ ఇవాళ్టికీ ఎంత తేడా అనేదే ముఖ్యం. సీజన్‌కి ముందు సొంత చేలో గంట తోలి, గేర్ బాక్స్ మీద ఎంత, పినియన్ బేరింగ్ దగ్గర ఎంత, పక్క కేసు దగ్గర ఎంత, ఆ రోజు ఎండ ఎంత అన్నది షెడ్డు గోడ మీద సుద్దముక్కతో రాసి పెట్టండి. రేపు అదే ఎండలో, అదే నేలలో 15, 20 డిగ్రీలు ఎక్కువ చూపిస్తే లోపల ఏదో మొదలైనట్టే. అలాగే డబ్బా అంతా ఒకేలా వేడెక్కితే అది పని వేడి, ఒక్క బేరింగ్ దగ్గరే కాలిపోతుంటే ఆ బేరింగ్ పోతున్నట్టు. పని మొదలుపెట్టిన పది నిమిషాలకే కాలిపోవడం కూడా మంచి లక్షణం కాదు, మామూలుగా ఆ వేడి రావడానికి గంట దగ్గర్లో పడుతుంది.

ఆయిల్ సంగతికొస్తే, సమతల నేల మీద నిలబెట్టి, డబ్బా చల్లగా ఉన్నప్పుడు ఆయిల్ ఎంత ఉందో తెలిపే లెవెల్ బోల్ట్ విప్పి చూడాలి. తక్కువైతే కాలుతుందని అందరికీ తెలుసు, ఎక్కువైనా కాలుతుందన్నది చాలామందికి తెలియదు. మూతి దాకా నింపితే గేర్లు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, నురగలో గాలి తప్ప జిగురు ఉండదు. సీల్ కారుతోందని ఆయిల్ బదులు గ్రీజు కుక్కే పద్ధతి ఒకటి ఉంది, దయచేసి ఆ పని చెయ్యకండి. తిరిగే గేరు గ్రీజులో తన దారి తాను తొలుచుకుంటుంది, ఆ తర్వాత పళ్ళకి గ్రీజు అందదు, వేడిని గోడలకి మోసుకెళ్ళేదీ ఏమీ ఉండదు. ఇంజిన్ నుంచి తీసిన పాత ఆయిల్ కూడా వద్దు. కొత్త రోటావేటర్‌కి మొదటి ఆయిల్ తొందరగా మార్చాలి, ఎన్ని గంటలకో దాంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. పక్క కేసులో కూడా వేరే ఆయిల్ ఉంటుంది, అది చాలామంది మరిచిపోయేది.

నాకు పెద్ద దెబ్బ తగిలింది మాత్రం ఆయిల్ వల్ల కాదు, పీటీవోని రోటావేటర్‌కి కలిపే షాఫ్ట్ వల్ల. ట్రాక్టర్ మార్చాక పాత షాఫ్ట్ అలాగే తగిలించారు, బిగించిన మెకానిక్ కొలవలేదు, నేనూ అడగలేదు. కొత్త బండికి ఆ షాఫ్ట్ రెండంగుళాలు పొడుగు. రోటావేటర్ కిందికీ పైకీ కదిలినప్పుడల్లా షాఫ్ట్ లోపలికి పోవడానికి చోటు లేక పినియన్‌ని నెట్టేది. వారం రోజులు ముందు వైపు బేరింగ్ ఒక్కటే కాలింది, ఆయిల్ పోసి పోసి చూశాను, ఎనిమిదో రోజు విరిగింది. అప్పుడు సరిగ్గా నాట్లకి ముందు, ఎనిమిదెకరాల దమ్ము వేరే వాళ్ళని బతిమాలి చేయించుకోవాల్సి వచ్చింది. అందుకే బండి మార్చినా, షాఫ్ట్ మార్చినా, రోటావేటర్‌ని షాఫ్ట్ బాగా దగ్గరికి ముడుచుకునే ఎత్తులో పెట్టి, లోపల ఇంకా ఒక అంగుళమైనా ఖాళీ ఉందో లేదో చూసుకోండి. అలాగే మలుపులో పీటీవో తిరుగుతుండగానే బాగా పైకి లేపడం మానుకోండి, షాఫ్ట్ కీలు దగ్గరి క్రాస్ టకటకమని కొట్టుకున్న ప్రతి దెబ్బా పినియన్‌కే తగులుతుంది.

బ్లేడ్లు బిగించిన రోటర్‌కి పత్తి కట్టె, పురికొస చుట్టుకున్నా, బ్లేడ్లు అరిగిపోయినా, ఒకేసారి లోతుగా దింపినా బరువంతా గేర్ బాక్స్ మీదే.

దమ్ముకి వెళ్ళేవాళ్ళు ఇంకొంచెం శ్రద్ధ పెట్టాలి. మెట్ట దుక్కి చేసి కాలిపోతున్న డబ్బాని నేరుగా మడి నీళ్ళలోకి దింపితే లోపలి గాలి ఒక్కసారిగా ముడుచుకుని, సీళ్ళ పక్క నుంచి బురద నీళ్ళని పీల్చుకుంటుంది. అరగంట ఆగి దింపండి. వేడి తగ్గాలని బిందెతో నీళ్ళు కుమ్మరించడం కూడా అలాంటి తప్పే. డబ్బా మీద లోపలి గాలి ఆడే చిన్న రంధ్రం, అంటే బ్రీదర్, మట్టితో పూడుకుపోతే వేడికి లోపల ఒత్తిడి పెరిగి ఆయిల్ సీళ్ళలోంచి బయటికి నెట్టుకొస్తుంది, కొత్త సీల్ వేసినా మళ్ళీ కారుతుంది. కాబట్టి రోజూ పొద్దున బ్రీదర్‌ని పుల్లతో శుభ్రం చెయ్యండి. ఆయిల్ పాలు కలిపిన టీ రంగులోకి మారిందంటే నీళ్ళు చేరినట్టే, ఆ రాత్రే మార్చెయ్యండి, తెల్లారనివ్వొద్దు.

చివరిగా మనుషుల సంగతి. కాలుతుందా అని చూడ్డానికి దిగితే ముందు పీటీవో ఆపాలి, ఇంజిన్ ఆపాలి, తాళం జేబులో వేసుకోవాలి, షాఫ్ట్ పూర్తిగా ఆగాక దగ్గరికెళ్ళాలి. నిమిషానికి 540 చుట్లు తిరిగే షాఫ్ట్, అంటే సెకనుకి తొమ్మిది చుట్లు. తువ్వాలు, లుంగీ అంచు, చున్నీ తగిలితే అరిచేలోపే లాగేస్తుంది, కాబట్టి షాఫ్ట్ మీది ప్లాస్టిక్ గొట్టం విరిగితే బండి బయటికి తియ్యకండి. వేడి మీద ఆయిల్ మూత విప్పితే మొహం మీదికి చిమ్ముతుంది. ఆయిల్ కారుతున్న వేడి డబ్బా మీద ఎండు గడ్డి, పత్తి ఆకు పేరుకోనివ్వొద్దు, మే ఎండలో అంటుకుంటే చేలో ఆర్పే దిక్కు ఉండదు. పని ఆగాక కూడా చాలాసేపు ఆ డబ్బా పిల్లల చెయ్యి బొబ్బలెక్కేంత వేడిగానే ఉంటుంది, ఇంటి ముందు పెడితే పిల్లలు ఎక్కకుండా చూడండి.

మెకానిక్‌కి ఫోన్ చేసేటప్పుడు ఊరికే కాలుతోంది అనకండి. ఎంతసేపు తోలాక, ఏ వైపు, ఎన్ని డిగ్రీలు, ఆయిల్ ఏ రంగులో ఉంది, చప్పుడు ఎలా ఉంది, ఈ మధ్య ఏం మార్చారు అనేది చెప్పండి, సగం సార్లు మనిషి రాకుండానే పని అయిపోతుంది.