సముద్రపు నీటి వైరస్‌ల వంశవృక్షం గీయడం ఎలా?

తీరం దగ్గరి సముద్రపు నీళ్లు ఒక్క మిల్లీలీటరు తీస్తే దాదాపు కోటి వైరస్‌లు ఉంటాయి. చాలావరకు బ్యాక్టీరియాకు సోకే ఫేజ్‌లు, మన జోలికి రావు. వాటిలో ఎవరు ఎవరికి చుట్టమో తేల్చాలని ఇటు ఇచ్ఛాపురం నుంచి అటు బరంపురం దాకా విద్యార్థులు సరదా పడి మొదలుపెడతారు. నీళ్లు శ్రద్ధగా తెస్తారు, పీసీఆర్ (డీఎన్ఏ ముక్కకు లక్షల నకళ్లు తీయడం) చక్కగా చేస్తారు, చివర్లో కంప్యూటర్ ముందు అరగంట తొందరపడి అంతా పాడు చేసుకుంటారు. అది చూసి చూసి ఇది రాస్తున్నాను.

1. నీళ్లు తేవడం

ఇరవై లీటర్లు చాలు. డబ్బాను అదే సముద్రపు నీటితో మూడుసార్లు తొలవండి. పోటు మీద ఉన్నప్పుడే, తెల్లవారకముందే తీయాలి. బాహుదా నది కలిసే సోనాపూర్ మొగ దగ్గర తీయకండి, నదీ సముద్రమూ కలిసిపోతాయి. గోపాలపూర్ గానీ డొంకూరు గానీ నయం. తేదీ, వేళ, చోటు డబ్బా మీదే రాయండి.

2. వైరస్‌లను పట్టడం

0.22 మైక్రాన్ల ఫిల్టర్‌లో వడకడితే బ్యాక్టీరియా ఆగిపోతాయి, వైరస్‌లు దిగిపోతాయి. మరీ పెద్ద వైరస్‌లు కూడా అక్కడే ఆగుతాయి, అది ఒప్పుకోవాల్సిందే. దిగిన నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఇనుము వచ్చేలా ఫెర్రిక్ క్లోరైడ్ కలిపి గంట ఉంచితే వైరస్‌లు ఇనుప తుంపులకు అంటుకుంటాయి. వాటిని మళ్లీ వడకట్టి, అప్పటికప్పుడు చేసిన ఆస్కార్బేట్ బఫర్‌లో కరిగించండి. నిన్నటి బఫర్ వాడొద్దు. డీఎన్ఏను ముక్కలు చేసే డీఎన్ఏస్ ఎంజైమ్‌తో బయట తిరిగే డీఎన్ఏను చెరిపేశాకే వైరస్ తొడుగు పగలగొట్టి దాని డీఎన్ఏ తీయాలి.

3. జన్యువు, పీసీఆర్

బ్యాక్టీరియాకు 16ఎస్ జన్యువు ఉన్నట్టు వైరస్‌లన్నిటికీ ఉమ్మడి జన్యువు లేదు. అందుకని ఒక గుంపును ఎంచుకోవాలి. నేను టీ4 అనే ఫేజ్‌కు చుట్టాలైన టీ4 రకం ఫేజ్‌ల తొడుగు ప్రోటీన్ జన్యువు, జీ23, తప్ప మరొకటి మొదటిసారి చేసేవాళ్లకు చెప్పను. పీసీఆర్‌లో వచ్చేది రకరకాల వైరస్‌ల కలగాపులగం, దాన్ని నేరుగా సీక్వెన్సింగ్‌కు (డీఎన్ఏ అక్షరాలు చదవడానికి) పంపితే గీతలు ఒకదాని మీద ఒకటి పడతాయి. క్లోనింగ్ చేసి, అంటే ఒక్కో ముక్కను ప్లాస్మిడ్ అనే గుండ్రటి డీఎన్ఏలో అతికించి బ్యాక్టీరియాలో పెంచి, ఒక్కో క్లోన్‌ను విడిగా పంపండి. నీళ్లు మాత్రమే వేసిన కంట్రోల్ ట్యూబులో బ్యాండ్ కనిపిస్తే మొత్తం పారేయండి.

4. ఎలైన్‌మెంట్: ఇక్కడ ఆగండి

‘బరంపురం’ అని రాసి, దాని కింద ఒడియావాళ్లు పిలిచే ‘బ్రహ్మపుర’ రాయండి. ‘పు’ కింద ‘పు’ పడితే రెండూ ఒకే ఊరి పేర్లని కన్ను పట్టేస్తుంది. కింది పేరును ఒక్క అక్షరం పక్కకు జరపండి, సంబంధమే లేనట్టు ఉంటుంది. సీక్వెన్సులను ఒకదాని కింద ఒకటి వరస పెట్టే ఎలైన్‌మెంట్‌లోనూ అంతే. వరస తప్పితే చెట్టు రాకుండా ఏమీ పోదు. అందంగా వస్తుంది, అబద్ధం చెబుతుంది.

ముందు రెండు చివర్లా ప్లాస్మిడ్ ముక్కను, ఆపైన పీసీఆర్‌ను మొదలుపెట్టే ప్రైమర్ ముక్కను కోసేయండి. ప్రైమర్ అక్షరాలు మీరు ట్యూబులో వేసినవి, సముద్రంలోవి కావు. ఒక విద్యార్థి క్లోన్‌లన్నీ ఓ కొత్త కొమ్మగా వచ్చాయని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. తీరా చూస్తే ప్రతి సీక్వెన్సుకూ ప్లాస్మిడ్ తోక అలాగే ఉంది. ఆ కొమ్మను కట్టింది ఆ తోకే.

తర్వాత అమైనో ఆమ్లాల్లోకి మార్చండి. మూడేసి డీఎన్ఏ అక్షరాల కోడాన్ ఒక్కో అమైనో ఆమ్లాన్ని చెబుతుంది. మధ్యలో ‘ఇక ఆపు’ అనే స్టాప్ కోడాన్ తగిలితే మూడేసి అక్షరాలు చదివే ఫ్రేమ్ తప్పిందనో, చదవడంలో పొరపాటు ఉందనో అర్థం. సీక్వెన్సింగ్ గీతల చిత్రం, అంటే క్రోమాటోగ్రామ్, తెరిచి చూడండి. డీఎన్ఏతోనే చెట్టు గీస్తే త్వరగా అవుతుందంటారు. దూరపు ఫేజ్‌ల మధ్య కోడాన్ మూడో అక్షరం ఎన్నిసార్లు మారిందో లెక్క దొరకదు, అమైనో ఆమ్లం నిలకడగా ఉంటుంది. బటన్ నొక్కితే అన్నీ చేసిపెట్టే వెబ్‌సైట్లను నేను ఒప్పుకోను. వరసను చూడనివ్వకుండానే చెట్టు చేతికిస్తాయి.

మీ క్లోన్‌లతో పాటు టీ4నూ, సయనోబ్యాక్టీరియాకు సోకే ఎస్-పీఎం2 లాంటి సయనోఫేజ్‌లనూ చేర్చి మాఫ్ట్ ప్రోగ్రాంలో వరస పెట్టండి. ఇక పెద్ద స్క్రీన్ మీద మొదటి నుంచి చివరిదాకా కళ్లతో చదవండి. అందరిలో ఒకేలా ఉండే చోట్లు నిలువుగా కలిశాయా? ఒకే ఒక్క క్లోన్‌లో పెద్ద ఖాళీ ఉందా? సగం ఒకరిలా, సగం ఇంకొకరిలా ఉంటే అది పీసీఆర్‌లో అతుక్కున్న దొంగ సీక్వెన్స్ కావచ్చు, పక్కన పెట్టండి. దాదాపు అంతా ఖాళీలే ఉన్న నిలువు వరసలు తీసేయండి. దీనికి ఒక పూట పడుతుంది, పట్టనివ్వండి.

5. చెట్టు

చెట్టు గీసే ప్రోగ్రాం ఐక్యూ-ట్రీ. అక్షరాలు ఎలా మారతాయో చెప్పే మోడల్‌ను అదే ఎంచుకుంటుంది. ఒక్కో కొమ్మ ఎంత నమ్మదగిందో నూటికి లెక్క చెప్పే అల్ట్రాఫాస్ట్ బూట్‌స్ట్రాప్‌ను 1000 సార్లకు పెట్టండి. 95 కంటే తక్కువ వచ్చిన కొమ్మ గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి. పాత రికార్డుల్లో టీ4 రకం ఫేజ్‌ల కుటుంబం పేరు మయోవిరిడే అని కనిపిస్తే కంగారొద్దు, వైరస్‌లకు పేర్లు, వర్గాలు ఖాయం చేసే అంతర్జాతీయ కమిటీ ఐసీటీవీ 2022లో ఆ కుటుంబాన్ని రద్దు చేసింది. అలాగే జీ23 ఒక్కటి తేడాగా ఉందని ‘కొత్త జాతి’ అనకండి. ఫేజ్‌లకు జాతి హద్దు మొత్తం జీనోమ్‌లో 95 శాతం పోలిక, మీ దగ్గరున్నది ఒక జన్యువులో ముక్క. ‘టీ4 రకం ఫేజ్, ఫలానా గుంపుకు దగ్గర’ అని రాసి, డబ్బా మీది తేదీ, చోటుతో సహా సీక్వెన్సులను అందరికీ అందుబాటులో ఉండే సీక్వెన్సుల భండారం జెన్‌బ్యాంక్‌కు పంపండి.