గుండె డాక్టరు డిగ్రీలు, ఆసుపత్రిలో హోదా సరిచూసుకోవడం ఎలా?

ఛాతీలో నొప్పి, ఎడమ చెయ్యి లాగడం, చెమటలు పట్టడం ఇప్పుడే ఉంటే ఇది చదువుతూ కూర్చోకండి. 108కి ఫోన్ చేసి, ఈసీజీ తీసే దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. అక్కడ డ్యూటీలో ఎవరుంటే వాళ్లే మీ డాక్టరు. ఇక్కడ చెప్పేది తీరిక ఉన్నప్పుడు చేసే పని. యాంజియోగ్రామ్ చేయించుకోమన్నారు, స్టెంట్ వేయాలన్నారు, వాల్వ్ మార్చాలన్నారు, లేదా ఇంట్లో పెద్దవాళ్లను ఇకపై ఒకే డాక్టరుకు చూపించాలనుకుంటున్నారు. అలాంటప్పుడు ఓ గంట కేటాయిస్తే చాలు.

1. మందుల చీటీ పైభాగం చదవండి

చీటీ మీద వెతకాల్సినవి మూడు: పూర్తి పేరు, రిజిస్ట్రేషన్ నంబరు, డిగ్రీలు. 2002 నాటి వృత్తి నియమావళి ప్రకారం డాక్టరు తన రిజిస్ట్రేషన్ నంబరును క్లినిక్‌లో కనబడేలా పెట్టాలి. చీటీలు, సర్టిఫికెట్లు, ఫీజు రసీదుల మీద కూడా వేయాలి. జాతీయ వైద్య కమిషన్ 2023 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చినా అదే నెలలో వాటిని పక్కన పెట్టింది కాబట్టి ఇప్పటికీ పాతవే వర్తిస్తాయి. నంబరు కనబడకపోతే ఓపీ కౌంటర్లో అడగండి. మొహమాటపడాల్సిన పనేమీ లేదు.

తెలుగు రాష్ట్రాల్లో నంబరు ముందు రాష్ట్ర మెడికల్ కౌన్సిల్ పేరు పొట్టిగా టీఎస్‌ఎంసీ అనో ఏపీఎంసీ అనో, మధ్యలో ఎఫ్‌ఎంఆర్ అనో చాలాసార్లు ఉంటుంది. పాతవాళ్లకు ఉత్త అంకెలే ఉండొచ్చు. హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేసే సీనియర్ డాక్టరుకు ఆంధ్రప్రదేశ్ కౌన్సిల్ నంబరు ఉంటే కంగారు పడకండి. రాష్ట్ర విభజనకు ముందు అందరూ ఆ కౌన్సిల్‌లోనే నమోదయ్యారు.

2. డిగ్రీలను విడదీసి చూడండి

ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. పేరు తర్వాత అక్షరాల వరుస ఎంత పొడుగుంటే డాక్టరు అంత గొప్ప అనుకుంటారు. ఆ వరుసలో చదువుకు సంబంధించినవి మూడో నాలుగో ఉంటాయి, మిగతావి సభ్యత్వాలు.

మన దేశంలో కార్డియాలజిస్టు అయ్యే దారి ఇది: ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్ల ఎంబీబీఎస్, ఆపైన మూడేళ్ల ఎండీ (సాధారణంగా జనరల్ మెడిసిన్, కొందరికి పీడియాట్రిక్స్), ఆపైన మూడేళ్ల డీఎం కార్డియాలజీ. ఎక్కడా ఆగకుండా చదివినా పదకొండున్నరేళ్లు. డీఎం బదులు డీఎన్‌బీ కార్డియాలజీ అని ఉన్నా దానికి సమానమే. నేషనల్ బోర్డు పెట్టే ఈ పరీక్షనే ఇప్పుడు డీఆర్‌ఎన్‌బీ అంటున్నారు. డీఎన్‌బీ అని మాత్రమే రాసి ఏ సబ్జెక్టులోనో చెప్పకపోతే మాత్రం అడగాలి, ఎందుకంటే జనరల్ మెడిసిన్‌లోనూ డీఎన్‌బీ ఉంది.

గుండె ఆపరేషన్ చేసే సర్జన్ దారి వేరు: ఎంఎస్ జనరల్ సర్జరీ, తర్వాత ఎంసీహెచ్ సీటీవీఎస్, అంటే గుండె, ఛాతీ, రక్తనాళాల సర్జరీ. బైపాస్, ఛాతీ తెరిచి వాల్వ్ మార్చడం వీళ్ల పని. స్టెంట్, పేస్‌మేకర్, కాలి రక్తనాళం గుండా వాల్వ్ అమర్చే టావీ లాంటివి కార్డియాలజిస్టు చేస్తారు. బోర్డు మీద "హార్ట్ స్పెషలిస్ట్" అని మాత్రమే ఉంటే ఈ ఇద్దరిలో ఎవరో తెలియదు, అసలు ఇద్దరిలో ఒకరో కాదో కూడా తెలియదు.

తికమక పెట్టే అక్షరాలు కొన్ని ఉన్నాయి. డీఎం లేకుండా ఎండీ జనరల్ మెడిసిన్ ఒక్కటే ఉంటే ఆయన ఫిజీషియన్. బీపీ, షుగరు, గుండె మందుల సర్దుబాటు ఫిజీషియన్ చక్కగా చూస్తారు, కానీ ఆయన కార్డియాలజిస్టు కాదు. రష్యా, ఉక్రెయిన్, ఫిలిప్పీన్స్ లాంటి దేశాల్లో మొదటి వైద్య డిగ్రీకే ఎండీ అని పేరు. అది మన ఎంబీబీఎస్ స్థాయిది. దానితో ఇక్కడ రిజిస్ట్రేషన్ రావాలంటే విదేశీ పట్టభద్రుల స్క్రీనింగ్ పరీక్ష పాసవ్వాలి. కాబట్టి ఎంబీబీఎస్ లేకుండా నేరుగా ఎండీ అని కనబడితే ఏ యూనివర్సిటీదో చూడండి. పీజీడీసీసీ అంటే ఎంబీబీఎస్ తర్వాత రెండేళ్ల క్లినికల్ కార్డియాలజీ డిప్లొమా. దాని గుర్తింపు మీద ఏళ్ల తరబడి వివాదం నడిచింది. ఎకో తీయడానికి, ఐసీసీయూలో, అంటే గుండె రోగుల ఐసీయూలో, రోగిని కనిపెట్టి చూడడానికి ఉపయోగపడే శిక్షణే అయినా, అది డీఎంతో సమానం కాదు. ఎండీ పక్కన బ్రాకెట్లో ఏఎం అని ఉంటే అది ఆల్టర్నేటివ్ మెడిసిన్. ఆధునిక వైద్యానికి సంబంధించిన డిగ్రీ కాదు. ఇక మన ఊళ్లలో ఆర్‌ఎంపీ అని ఎవరినంటారో మీకు తెలుసు.

ఎఫ్ఏసీసీ అమెరికన్ కాలేజ్ ఆఫ్ కార్డియాలజీ, ఎఫ్ఈఎస్‌సీ యూరోపియన్ సొసైటీ ఆఫ్ కార్డియాలజీ, ఎఫ్‌ఎస్‌సీఏఐ యాంజియోప్లాస్టీ నిపుణుల సంఘం ఇచ్చే గౌరవ సభ్యత్వాలు. అర్హత ఉన్నవాళ్లకే ఇస్తారు కాబట్టి విలువలేనివి కావు. కానీ అవి డిగ్రీలు కావు, డీఎం లేని లోటును పూడ్చవు. ఎఫ్‌ఎన్‌బీ వేరు. అది నేషనల్ బోర్డు ఫెలోషిప్, కూర్చుని శిక్షణ పొంది, పరీక్ష రాసి తెచ్చుకునేది. బ్రిటన్ ఎంఆర్‌సీపీ కూడా పరీక్షే, అయితే అది జనరల్ మెడిసిన్ స్థాయిది. "జర్మనీలో శిక్షణ పొందారు" అన్నది రెండేళ్ల ఫెలోషిప్ కావచ్చు, రెండు వారాల అబ్జర్వర్‌షిప్ కావచ్చు. ఎంతకాలం, రోగులకు స్వయంగా చేశారా, పక్కన నిలబడి చూశారా అన్నదే తేడా.

అమెరికాలో చేసి తిరిగొచ్చినవాళ్ల విషయంలో డీఎం కోసం వెతకకండి. అక్కడ ఇంటర్నల్ మెడిసిన్ రెసిడెన్సీ మూడేళ్లు, కార్డియాలజీ ఫెలోషిప్ మూడేళ్లు, ఆపైన ఏబీఐఎం, అంటే అమెరికన్ బోర్డ్ ఆఫ్ ఇంటర్నల్ మెడిసిన్ సర్టిఫికేషన్. ఆ సర్టిఫికేషన్ ఉందో లేదో ఏబీఐఎం వెబ్‌సైట్లో పేరు కొట్టి ఎవరైనా చూడొచ్చు. బ్రిటన్ నుంచి వచ్చినవాళ్లయితే అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ రిజిస్టర్ చూడాలి. అందులో స్పెషలిస్ట్ రిజిస్టర్‌లో కార్డియాలజీ కింద ఉన్నారా అన్నది ముఖ్యం. అక్కడ ఏమున్నా, ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

3. రిజిస్టర్‌లో వెతకండి

జాతీయ వైద్య కమిషన్ వెబ్‌సైట్లో ఇండియన్ మెడికల్ రిజిస్టర్ ఉంటుంది. పేరుతో వెతకడం మొదలుపెడితే విసుగొస్తుంది. మన పేర్లలో ఇంటిపేరు ఒకచోట పొడి అక్షరం, ఇంకోచోట పూర్తిగా, మరోచోట చివర్లో ఉంటుంది. ఇంగ్లిష్ స్పెల్లింగులో ఒక అక్షరం అటూఇటూ అయినా దొరకదు. పెళ్లయ్యాక పేరు మారిన డాక్టర్లు పాత పేరుతోనే ఉండొచ్చు. అందుకే నంబరు, రాష్ట్ర కౌన్సిల్ రెండూ కలిపి వెతకండి. ఒకే నంబరు వేర్వేరు రాష్ట్రాల్లో వేర్వేరు మనుషులకు ఉంటుంది కాబట్టి కౌన్సిల్ ఎంచుకోవడం మరిచిపోవద్దు.

వివరాలు తెరిచాక పేరు ఒక్కటే చూసి మూసేయకండి. తండ్రి పేరు, నమోదైన సంవత్సరం, డిగ్రీ, యూనివర్సిటీ చూడండి. ఎదురుగా ఉన్న డాక్టరుకు అరవయ్యేళ్లు ఉండి, రిజిస్ట్రేషన్ 2016లో మొదలైతే ప్రశ్న వేయాల్సిందే. మరొకరి నంబరు వాడుకునే మోసం ఇలాంటి చోటే బయటపడుతుంది. 2025 ఏప్రిల్‌లో మధ్యప్రదేశ్‌లోని దమోహ్‌లో, బ్రిటన్‌లో పనిచేసిన కార్డియాలజిస్టునని చెప్పుకొని ఆసుపత్రిలో చేరిన వ్యక్తిని నకిలీ పత్రాల ఆరోపణపై పోలీసులు అరెస్టు చేశారు. ఆసుపత్రే అన్నీ చూసుకుని ఉంటుందిలే అనుకోవడానికి వీల్లేదని ఆ కేసు చెబుతోంది.

ఈ రిజిస్టర్‌కో లోపం ఉంది. చాలామందికి ఎంబీబీఎస్ వరకే కనబడుతుంది, తర్వాత చదివిన ఎండీ, డీఎం ఎక్కి ఉండవు. అదనపు డిగ్రీలను డాక్టరు మళ్లీ ఫీజు కట్టి రాష్ట్ర కౌన్సిల్‌లో విడిగా నమోదు చేయించుకోవాలి, ఆ సమాచారం ఢిల్లీదాకా చేరాలి. కాబట్టి డీఎం కనబడలేదని వెంటనే దొంగ అనకండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిళ్ల వెబ్‌సైట్లలో కూడా చూడండి. అక్కడా లేకపోతే ఆ కౌన్సిల్‌కే రాసి అడగొచ్చు. 2024 ఆగస్టులో మొదలైన నేషనల్ మెడికల్ రిజిస్టర్ అనే కొత్త పోర్టల్‌లో పేరు లేకపోవడం కూడా పెద్ద విషయం కాదు. అందులో చేరికలు నెమ్మదిగా సాగుతున్నాయి.

రిజిస్ట్రేషన్ ఉంటే సరిపోదు, రెన్యువల్ కూడా ఉండాలి. అయిదేళ్లకోసారి, సీఎంఈ (డాక్టర్లు తమ చదువును తాజా చేసుకునే) తరగతుల గంటలు చూపించి కొనసాగించుకోవాలి.

4. అనుభవం ఎక్కడి నుంచి లెక్క వేశారో చూడండి

"పాతికేళ్ల అనుభవం" అన్నది ఎక్కువగా ఎంబీబీఎస్ నుంచి లెక్కే. 2000లో ఎంబీబీఎస్ నమోదై, 2010లో డీఎం పూర్తయితే, 2025 నాటికి కార్డియాలజిస్టుగా అనుభవం పదిహేనేళ్లు. అదేం తక్కువ కాదు, కానీ పాతిక కాదు. డీఎం ఎక్కడ చేశారన్నది కూడా పనికొచ్చే సమాచారమే. నిమ్స్, స్విమ్స్, ఎయిమ్స్, చండీగఢ్ పీజీఐ, తిరువనంతపురం శ్రీచిత్ర, బెంగళూరు జయదేవ లాంటి చోట్ల రోగుల రద్దీ ఎక్కువ, అక్కడ చదివినవాళ్ల చేతికి కేసులూ ఎక్కువ తగులుతాయి.

ఏళ్లకన్నా ముఖ్యం, మీకు కావాల్సిన పని ఆయన తరచుగా చేస్తారా అన్నది. గుండె లయ తప్పినవాళ్లకు అబ్లేషన్ (లయ తప్పించే చోటును గుర్తించి మాడ్చడం) చేయాలంటే ఎలక్ట్రోఫిజియాలజీలో, అంటే గుండె విద్యుత్ వ్యవస్థ వైద్యంలో శిక్షణ ఉండాలి. పుట్టుకతో గుండెకు రంధ్రం ఉన్న పసివాళ్లను పీడియాట్రిక్ కార్డియాలజిస్టు చూడాలి. స్టెంట్ల విషయంలో, యాంజియోప్లాస్టీ చేసే డాక్టరు ఏడాదికి కనీసం 50 చేయాలని అమెరికన్ సంఘాలు 2013లో సూచించాయి. డాక్టరును నేరుగా అడగండి: "ఇలాంటివి నెలకు ఎన్ని చేస్తారండీ?" నిజంగా చేసేవాళ్లు విసుక్కోకుండా అంకె చెబుతారు.

5. ఆసుపత్రితో సంబంధం ఏపాటిదో తేల్చుకోండి

గోడ మీద ఫొటో ఉన్నంత మాత్రాన ఆయన అక్కడ పనిచేస్తున్నట్టు కాదు. మానేసి ఏడాదైనా వెబ్‌సైట్లో పేరు అలాగే ఉండడం మామూలే. ఆసుపత్రికి ఫోన్ చేసి, "ఫలానా డాక్టరు గారి ఓపీ ఏయే రోజులు, ఎన్ని గంటలకు?" అని అడగండి. "వారానికి ఒక సాయంత్రం" అన్నారంటే ఆయన విజిటింగ్ కన్సల్టెంట్. రోజూ ఉంటే ఫుల్‌టైమ్. రెండూ మంచివే కావచ్చు, కానీ విజిటింగ్ డాక్టరు స్టెంట్ వేసి వెళ్లిపోతే రాత్రి రెండింటికి నొప్పి వచ్చినప్పుడు చూసేది ఎవరు? ఆ పేరు ముందే తెలుసుకోండి.

తర్వాత అడగాల్సింది క్యాత్ ల్యాబ్, అంటే యాంజియోగ్రామ్ చేసి స్టెంట్ వేసే గది గురించి. ఆ ఆసుపత్రిలోనే ఉందా, రోగిని వేరే చోటికి తీసుకెళ్తారా? రాత్రింబవళ్లూ నడుస్తుందా? గుండెపోటు వచ్చినవాళ్లకు ఆసుపత్రిలో అడుగుపెట్టిన 90 నిమిషాల్లోపు మూసుకుపోయిన రక్తనాళం తెరవాలన్నది ప్రమాణం. టెక్నీషియన్ ఇంటి నుంచి రావాల్సిన చోట అది కుదరడం కష్టం. క్యాత్ ల్యాబ్‌లో ఎక్స్‌రే యంత్రం ఉంటుంది కాబట్టి దానికి అణుశక్తి నియంత్రణ బోర్డు, అంటే ఏఈఆర్‌బీ లైసెన్సు ఉండాలి. స్టెంట్ వేసేటప్పుడు రక్తనాళం చిరిగితే అత్యవసరంగా సర్జరీ అవసరం కావచ్చు. ఇది అరుదే, కానీ సీటీవీఎస్ సర్జన్ అక్కడే ఉన్నారా, లేకపోతే ఎక్కడికి పంపుతారు అన్నది అడగాల్సిన ప్రశ్న.

ఎన్ఏబీహెచ్ గుర్తింపు (ఆసుపత్రుల నాణ్యతను పరిశీలించే జాతీయ బోర్డు ఇచ్చేది) ఆసుపత్రి పద్ధతుల గురించి చెబుతుంది, డాక్టరు నైపుణ్యం గురించి కాదు. బోర్డు మీద లోగోతో సరిపెట్టుకోకుండా, ఎన్ఏబీహెచ్ వెబ్‌సైట్లో ఆసుపత్రి పేరు, గడువు తేదీ చూడండి. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద వెళ్లేవాళ్లు, ఆ ఆసుపత్రికి కార్డియాలజీ, సీటీవీఎస్ విభాగాల్లో అనుమతి ఉందా అని ఆరోగ్యమిత్రను అడగాలి. నెట్‌వర్క్‌లో ఉన్న ప్రతి ఆసుపత్రికీ అన్ని విభాగాలూ ఉండవు.

6. లెక్క కుదరకపోతే

ముందు డాక్టరునే మర్యాదగా అడగండి: "మీ డీఎం ఎక్కడ చేశారు సార్?" చాలావరకు అక్కడే తేలిపోతుంది. జవాబు దాటవేస్తే, అత్యవసరం కాని ప్రొసీజరు వాయిదా వేసి, యాంజియో సీడీ, ఎకో రిపోర్టు తీసుకుని మరో కార్డియాలజిస్టుకు చూపించండి. రికార్డులు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే 2002 నియమావళి చెబుతోంది. అడిగిన తేదీతో రసీదు తీసుకోండి. ఇప్పటికే స్టెంట్ వేయించుకున్నవాళ్లు డిశ్చార్జ్ సమ్మరీ తీసి, ప్రొసీజరు చేసినవాళ్లుగా ఎవరి పేరు ఉందో, స్టెంట్ స్టిక్కర్ అంటించారో లేదో చూసుకోవాలి.

ప్రత్యేక అర్హత లేకుండా స్పెషలిస్టునని చెప్పుకోవడం ఆ నియమావళి ప్రకారం తప్పు. దాని మీద రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. చీటీ, రసీదు, బోర్డు ఫొటో, రిజిస్టర్‌లో వచ్చిన ఫలితం ప్రింటు జత చేయండి. అసలు రిజిస్ట్రేషనే లేని మనిషి అయితే జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికీ, పోలీసులకూ ఫిర్యాదు ఇవ్వాలి. కౌన్సిల్ తన రిజిస్టర్‌లో ఉన్నవాళ్ల మీదే క్రమశిక్షణ చర్య తీసుకోగలదు కాబట్టి, ఒక్క కౌన్సిల్‌కే రాసి ఊరుకుంటే ఆ కాగితం అక్కడే ఆగిపోవచ్చు.