మెడ ముందు గడ్డ కనిపిస్తే: గుటక వేసి చూడండి

మెడ ముందు ఏదో ఉబ్బినట్టు కనిపించగానే చాలామంది నేరుగా థైరాయిడ్ రక్తపరీక్షకు పరిగెడతారు. దానికి ముందు ఒక గ్లాసు నీళ్లు, ఒక అద్దం తీసుకోండి.

గడ్డం కింద నుంచి వేలిని నడిమధ్యగా మెల్లగా కిందికి జార్చండి. మొదట తగిలేది హయాయిడ్ ఎముక. తర్వాత మొనదేలి ఉండేది కంఠమణి. దీన్నే గడ్డ అనుకుని హడలిపోయేవాళ్లున్నారు, మగవాళ్లలో అది పొడుచుకురావడం మామూలే. ఇంకాస్త దిగితే ఉంగరంలా క్రికాయిడ్ మృదులాస్థి తగులుతుంది. థైరాయిడ్ నడిమి భాగం దాని కిందే ఉంటుంది. సన్నని ఆ వంతెనకు రెండు పక్కలా శ్వాసనాళాన్ని హత్తుకుని రెండు రెక్కలు, అంతా కలిపి 15 నుంచి 25 గ్రాములు.

ఇప్పుడు నోట్లో నీళ్లు పట్టుకుని, తల కొద్దిగా వెనక్కి వాల్చి, క్రికాయిడ్‌కూ మెడ కింది గుంటకూ మధ్య చూస్తూ గుటక వేయండి.

గడ్డ గుటకతో పాటు లేచి దిగుతోంది

కారణం: చాలావరకు థైరాయిడే. అది స్వరపేటికకు, శ్వాసనాళానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి గుటకలో వాటి వెంట తానూ లేస్తుంది.

పరిష్కారం: టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, మెడ అల్ట్రాసౌండ్ రెండూ చేయించాలి. ఎక్కువమంది పొరపడేది ఇక్కడే. టీఎస్‌హెచ్ నార్మల్ రాగానే ‘ఏమీ లేదు’ అని ఊరుకుంటారు. ఆ పరీక్ష గ్రంథి ఎలా పనిచేస్తోందో చెబుతుంది, అందులో ఏం పెరిగిందో చెప్పదు. క్యాన్సర్ గడ్డ ఉన్నా టీఎస్‌హెచ్ నార్మల్‌గానే ఉండొచ్చు. అలాగని టెన్షన్ పడక్కర్లేదు, థైరాయిడ్ గడ్డల్లో అత్యధికం హానిలేనివే. స్కానింగ్‌లో అనుమానం వస్తే సూదితో కణాలు తీసి చూస్తారు. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వేసుకునేవాళ్లు రక్తపరీక్షకు ముందు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, అవి ఫలితాన్ని తారుమారు చేయగలవు.

నాలుక బయటికి చాపినా లేస్తోంది

కారణం: గడ్డ నడిమధ్యన ఉంటే థైరోగ్లాసల్ సిస్ట్ కావచ్చు. గర్భంలో థైరాయిడ్ నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. వచ్చిన దారి మూసుకుపోవాలి. కొంత మిగిలితే అందులో నీరు చేరుతుంది.

పరిష్కారం: ఆపరేషన్. సిస్ట్ ఒక్కటే తీసేస్తే మళ్లీ వచ్చే అవకాశం ఎక్కువ, అందుకే హయాయిడ్ ఎముక నడిమి ముక్కతో సహా తీస్తారు. అంతకుముందు అసలు థైరాయిడ్ తన చోట ఉందో లేదో స్కానింగ్‌లో చూడాల్సిందే. అరుదుగా ఆ గడ్డలో ఉన్నదే మనిషికున్న మొత్తం థైరాయిడ్ కావచ్చు.

పక్కకు ఉంది, గుటకకు కదలడం లేదు

పంటి లేదా గొంతు ఇన్ఫెక్షన్‌తో బిళ్ళ కట్టి ఉండొచ్చు. ఇన్ఫెక్షన్ తగ్గాక అదీ తగ్గాలి. మూడు వారాలైనా తగ్గకపోయినా, రాయిలా గట్టిపడినా చూపించుకోండి. దవడ కింద, తినేటప్పుడే ఉబ్బుతుంటే లాలాజల గ్రంథి నాళంలో రాయి అడ్డుపడిందేమో చూడాలి. నాడిలా కొట్టుకుంటుంటే మాత్రం నొక్కకండి, అక్కడ మెదడుకు వెళ్లే ధమని ఉంటుంది.

ముట్టుకుంటే నొప్పి, అది చెవి దాకా పాకుతోంది

కారణం: జలుబు, జ్వరం వచ్చి తగ్గాక ఇలా అయితే థైరాయిడ్ వాచి ఉండొచ్చు. నిల్వ ఉన్న హార్మోన్ ఒక్కసారిగా రక్తంలోకి కారడంతో గుండెదడ కూడా ఉంటుంది.

పరిష్కారం: నొప్పి, వాపు తగ్గే మందులు. హార్మోన్ తయారీని ఆపే మాత్రలు ఇక్కడ పనికిరావు, ఎందుకంటే కొత్తగా ఎక్కువేమీ తయారు కావడం లేదు.

వాపుతో పాటు గొంతు బొంగురుపోయింది

స్వరతంతులను కదిలించే నరం థైరాయిడ్ వెనుక నుంచే పోతుంది. గడ్డ దాన్ని నొక్కుతోందేమో వెంటనే ఈఎన్‌టీ డాక్టరుకు చూపించాలి. చేతులు రెండూ పైకెత్తి కాసేపు ఉంచితే ముఖం ఎర్రబడి ఊపిరి బిగిసినట్టయితే, గ్రంథి ఛాతీ ఎముక వెనక్కి పెరిగిందేమో సీటీ స్కాన్‌లో చూస్తారు. ఊపిరి పీల్చేటప్పుడు ఈలలాంటి శబ్దం వస్తుంటే అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి.