తాతగారి జర్మన్ బాయ్‌నెట్‌ను రైఫిల్‌కు తగిలించే ముందు

పాత ఇల్లు సర్దుతుంటే ఇలాంటి బాయ్‌నెట్, అంటే రైఫిల్ గొట్టం చివర తగిలించే కత్తి, బయటపడవచ్చు. చూడగానే మెరిపించాలనిపిస్తుంది. దయచేసి ఆగండి.

• గరుకు కాగితం, రాపిడి చక్రం దగ్గరికి రానివ్వకండి. తయారీదారు పేరు, తనిఖీ ముద్రలు పైపొరలోనే ఉంటాయి. అరిగిపోతే గుర్తింపు, విలువ రెండూ పోతాయి, తిరిగి రావు. మెత్తని గుడ్డ, కొద్దిగా నూనె చాలు.

• ముద్రలను ఏటవాలు వెలుతురులో ఫోటో తీయండి. అలుగు (కత్తి పలక) వీపు మీద కిరీటం, డబ్ల్యు అక్షరం, 15 అంకె కనిపిస్తే అది 1915 నాటి ప్రష్యా (అప్పటి జర్మనీలోని ఒక రాజ్యం) ముద్ర. నాకైతే ఆ చిన్న కిరీటమే అన్నిటికన్నా అపురూపం.

• ఒర మీది సంఖ్యను అలుగు మీది సంఖ్యతో పోల్చండి. రెండూ కలిస్తే జత విడిపోలేదని గట్టి ఆధారం.

• పిడి చూడండి. 71/84 అనే బాయ్‌నెట్ రకానికి రైఫిల్ గొట్టం చుట్టూ పట్టే ఉంగరం ఉంటుంది. మౌజర్ 98 రైఫిల్ కోసం చేసిన 98/05 రకానికి పూర్తి ఉంగరం ఉండదు, పిడిలోని పొడవాటి గాడే బాయ్‌నెట్‌ను రైఫిల్‌కు పట్టి ఉంచుతుంది.

• రైఫిల్ ఖాళీగా ఉందని ముందు చూసుకోండి.

• తగిలించేటప్పుడు బాయ్‌నెట్ బిగుసుకుంటే సుత్తితో కొట్టకండి. గాడిలో గడ్డకట్టిన గ్రీజు కారణం కావచ్చు.

• జర్మనీలో బాయ్‌నెట్‌ను బహిరంగంగా వెంట తీసుకెళ్లడం నిషిద్ధం. నిపుణుల దగ్గరికి తాళం వేసిన పెట్టెలోనే తీసుకెళ్లండి.