మునగాకు వండేటప్పుడు నూనెకు వెనకాడొద్దు

మన ఒంగోలు, కందుకూరు పక్క పెరట్లో మునగచెట్టు లేని ఇళ్లు తక్కువే. కాయలు కోసుకుని ఆకును మేకలకు వేసేస్తుంటారు. దయచేసి ఆ ఆకును వంటింట్లోకి తెచ్చుకోండి. అందులోని బీటా కెరోటిన్‌ను మన ఒళ్లు విటమిన్ ఎగా మార్చుకుంటుంది. ఆ విటమిన్ బాగా తగ్గితే ముందు వచ్చేది రేచీకటి.

అయితే అది కొవ్వులో కరిగే రకం. నూనె లేకుండా చప్పగా ఉడకబెట్టి తింటే ఒంటికి పట్టేది తక్కువ. లేత ఆకు దూసి, ఈనెలు తీసేసి, రెండు చెంచాల వేరుశనగ నూనెలో ఎండుమిర్చి, వెల్లుల్లి వేగాక వేయండి. పచ్చివాసన పోయాక ఉడికిన కందిపప్పులో కలపండి. ముదురాకైతే చేదొస్తుంది, పిల్లలు ముట్టరు. వాళ్ల ముద్దలో కాస్త నెయ్యి కూడా వేయండి. పొన్నగంటి కూరకూ ఇదే పద్ధతి.

ఆకుకూర పెడుతున్నాం కదా అని, పిల్లలకు 9వ నెల నుంచి అయిదేళ్ల దాకా ఆరు నెలలకోసారి ఉచితంగా పోసే విటమిన్ ఎ మందు మాత్రం మాన్పించొద్దు.

కంటి మాట వచ్చింది కాబట్టి ఇంకో రెండు సంగతులు. చీమకుర్తి క్వారీల్లో, రాయి కోసే చోట పనిచేసేవాళ్లు కళ్లద్దాలు లేకుండా మిషన్ దగ్గరికి పోవద్దు. కంట్లో రజను పడితే నలపకండి, శుభ్రమైన నీళ్లు ధారగా పోయండి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు అసలు వద్దు. ఇంకా గరగరలాడుతుంటే అదే రోజు కంటి డాక్టరుకు చూపించండి.

షుగర్ ఉన్నవాళ్లు, చూపు బాగానే ఉన్నా సరే, ఏడాదికోసారి రెటీనా (కంటి లోపల వెనకవైపు పొర) పరీక్ష చేయించుకోండి.