అబ్‌స్ట్రాక్ట్ తిరిగొచ్చిందా? తేడా ఎక్కడ వచ్చిందో చూద్దాం

నేను శ్రీకాకుళంలో ఉంటాను. ఉస్మానియాలోనో ఇఫ్లూ (హైదరాబాద్‌లోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం)లోనో భాషాశాస్త్రం చదువుతున్న మన జిల్లా పిల్లలు సెలవులకు ఇంటికొచ్చినప్పుడు, కాన్ఫరెన్స్ నుంచి తిరిగొచ్చిన అబ్‌స్ట్రాక్ట్ (అక్కడ మాట్లాడే అవకాశం కోసం పంపే రెండు పేజీల సారాంశం) పట్టుకుని నా దగ్గరికి వస్తుంటారు. నావీ చాలానే తిరిగొచ్చాయి. ఇన్నేళ్ళు చదివాక నాకు అర్థమైందేమిటంటే, వాటిలో చాలావాటికి జబ్బు ఒక్కటే. మన రెండు పేజీలు చదివి మార్కులు వేసే రివ్యూయర్‌కి తెలుగు రాదన్న సంగతి రాసేటప్పుడు మర్చిపోతాం. మన చెవికి తెలిసినదంతా కాగితం మీద కూడా ఉందనుకుంటాం.

సమస్య: "డేటా బాగుంది, వాదన ఏమిటో తెలియలేదు" అని రాశారు

కారణం చూడాలంటే మొదటి పేరా తీయండి. తెలుగు ద్రావిడ భాష, 2011 జనాభా లెక్కల ప్రకారం 8.11 కోట్ల మందికి మాతృభాష, క్రియ వాక్యం చివర వస్తుంది... ఇలా అర పేజీ అయిపోయి ఉంటుంది. ఉన్నవే రెండు పేజీలు. రివ్యూయర్ ముందు ఇంకా చాలా అబ్‌స్ట్రాక్టులు ఉంటాయి, మొదటి పది లైన్లలో అసలు సంగతి దొరక్కపోతే ఆయన తర్వాతి దానికి వెళ్ళిపోతాడు.

దీనికి నేను చెప్పే మందు: ఆ పేరా మొత్తం కొట్టేయండి. చిక్కు ఏమిటో, మీ జవాబు ఏమిటో మొదటి నాలుగు వాక్యాల్లో చెప్పేయండి. ఆ తర్వాత, మీ జవాబు తప్పయితే ఏ వాక్యం చెల్లాలి (అంటే ఆ భాష మాట్లాడేవాళ్ళు ఒప్పుకోవాలి), ఒప్పయితే ఏది చెల్లకూడదు అన్నది చూపించండి. ఆ ఒక్కటీ లేక ఎన్ని మంచి పరిశీలనలు వర్ణన దగ్గరే ఆగిపోయాయో చూశాను, బాధేస్తుంది.

సమస్య: "ఈ రెండు వాక్యాలకీ తేడా ఏమిటి?" అని అడిగారు

దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. మన పిల్లలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

మన ఇళ్ళలో రోజూ వినపడే మాటే తీసుకుందాం. సంచి పట్టుకుని బస్సు దిగి గుమ్మంలోకి వచ్చిన మనవణ్ణి చూసి అమ్మమ్మ "వొచ్చినావేటి?" అంటుంది. అదే అమ్మమ్మ, మనవడు చేరాడో లేదో తెలియక ఫోన్ చేస్తే "వొచ్చినావా?" అంటుంది. మా ఇంట్లో ఈ రెండూ తారుమారు కావు. కళ్ళెదుట ఆధారం ఉన్నప్పుడే 'ఏటి' పడుతుంది. మంచి అబ్‌స్ట్రాక్ట్‌కి సరిపోయే సరుకు ఇది. ఒక అమ్మాయి దీని మీదే రాసి పంపింది, తిరిగొచ్చింది. తెరిచి చూస్తే రెండు ఉదాహరణల కిందా ఇంగ్లీషు అర్థం ఒకటే రాసి ఉంది, "నువ్వు వచ్చావా?" అని. తెలుగు రాని మనిషికి తేడా ఎలా తెలుస్తుంది?

ముందు గ్లాసింగ్, అంటే ఉదాహరణ కింద ముక్క ముక్కకీ అర్థం రాసే వరస, సరిచేయాలి. లైప్‌జిగ్ గ్లాసింగ్ రూల్స్ ప్రకారం పై వరసలో ఎన్ని అడ్డగీతలు ఉంటే కింది వరసలోనూ అన్నే ఉండాలి, మాట కింద మాట సరిగ్గా కూర్చోవాలి:

వొచ్చ్-ఇన్-ఆవ్-ఏటి
వచ్చు-భూత-మధ్యమ.ఏక-ఏటి

పంపేటప్పుడు రెండో వరస ఇంగ్లీషులో ఉంటుంది, లెక్క మాత్రం ఇదే. 'ఏటి' కింద తొందరపడి 'ప్రశ్నార్థకం' అని రాసేయకండి. అది ఏమిటో తేల్చడానికే కదా మీ అబ్‌స్ట్రాక్ట్!

తర్వాత, ప్రతి ఉదాహరణ పైనా సందర్భం ఒక లైన్ రాయాలి. "మనవడు గుమ్మంలో కనిపిస్తున్నాడు." "మనవడు ఎక్కడున్నాడో తెలియదు." ఏ సందర్భంలో ఏ వాక్యం చెల్లుతుందో, ఏది చెల్లదో గుర్తు పెట్టండి. ఆ అమ్మాయి చేత ఈ రెండు లైన్లు చేర్పిస్తే పేజీ మొత్తం మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇంకొకటి కూడా రాయించాను. హిందీ ఉర్దూల్లో ఔను-కాదు ప్రశ్నల్లో వచ్చే 'క్యా' మీద రాజేశ్ భట్, వినీతా దయాళ్ 2020లో పెద్ద వ్యాసం ప్రచురించారు. ఆ 'క్యా' ఇంకో వాక్యం లోపల ఎక్కడపడితే అక్కడ ఇమడదు. మరి మన 'ఏటి' సంగతేమిటని రివ్యూయర్ తప్పక అడుగుతాడు. "వొచ్చినావేటని అడిగింది" అని చూపిస్తే సరిపోదు, అది అమ్మమ్మ మాటను ఉన్నదున్నట్టు అప్పజెప్పడం కావచ్చు. "నాను వొచ్చినానేటని అడిగింది" చెల్లుతుందా? ఇక్కడ 'నాను' అంటే అమ్మమ్మ కాదు, ఈ మాట చెబుతున్న మనవడు. కాబట్టి ఇది అప్పజెప్పిన మాట కాదు. ఇది నలుగురిని అడిగి, ఏ జవాబు వచ్చినా ఒక లైన్‌లో రాయాలి. ఆ ఒక్క లైన్‌తో మీకు సిద్ధాంతం తెలుసని అవతలివాళ్ళకి అర్థమవుతుంది.

సమస్య: "ఇది తెలుగులో చెల్లదని నాకు తెలిసిన తెలుగువాళ్ళు అన్నారు" అని రాశారు

రివ్యూయర్ అడిగింది బహుశా గుంటూరు మనిషినో హైదరాబాద్ మనిషినో. తప్పు ఆయనది కాదు. మనం పైన ఉత్తి "తెలుగు" అని రాశాం. "శ్రీకాకుళం తెలుగు" అనో "విజయనగరం తెలుగు" అనో మొదటి ఉదాహరణకు ముందే రాయండి. ఎంతమందిని అడిగారో, ఏ వయసువాళ్ళో, వాళ్ళలో ఎంతమంది ఒప్పుకోలేదో కూడా రాయండి. అయిదుగురిలో ఒకరు కాదన్నారని నిజాయితీగా రాస్తే మీ మీద నమ్మకం పెరుగుతుంది.

మన యాస రాయడానికి జంకి, వాక్యాలను పుస్తకాల తెలుగులోకి మార్చి పంపేవాళ్ళూ ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. మార్చిన వాక్యం ఎవరి నోటిలోనూ లేనిది. గిడుగు రామమూర్తి పంతులు గారు మన జిల్లా పర్వతాలపేటలో 1863లో పుట్టారు. సవరల నోటి నుంచే సవర భాష నేర్చుకుని, దాని మీద రాసిన మాన్యువల్‌ని 1931లో అచ్చు వేయించారు. పలికేదే భాష అని అంత గట్టిగా నిలబడ్డ మనిషి పుట్టిన గడ్డ మీద ఉండి, మన మాట చూపించడానికి మనకు భయం దేనికి?

సమస్య: అక్షరాల చోట డబ్బాలు, రెండు పేజీలు మూడయ్యాయి

ఊళ్ళో డీటీపీ సెంటర్‌లో పాత ఫాంట్లతో టైప్ చేయించినప్పుడు ఇలా జరుగుతుంది. అవి యూనికోడ్ కావు, ఇంకో కంప్యూటర్‌లో పిచ్చి గీతలవుతాయి. ట, డ, ణ, ళ లాంటివాటికి వాడే ధ్వని గుర్తులకు చారిస్ ఎస్ఐఎల్ లేదా డౌలోస్ ఎస్ఐఎల్ ఫాంట్ వాడండి, రెండూ ఉచితం. పీడీఎఫ్ చేసేటప్పుడు ఫాంట్లు అందులోనే ఇమిడేలా చూసి, ఆ ఫాంట్లు లేని ఫోన్‌లో ఒకసారి తెరవండి.

మూడో పేజీకి కారణం కాగితం సైజు. మన ఏ4 ఎత్తు 297 మిల్లీమీటర్లు, అమెరికా లెటర్ సైజు 279. వాళ్ళు లెటర్ అడిగితే మొదటి రోజు నుంచే ఆ సైజులో రాయండి, లేకపోతే చివరి రాత్రి టెన్షన్ తప్పదు.

సమస్య: చదవకుండానే తిప్పి పంపారు

రాసింది ఎవరో రివ్యూయర్‌కి తెలియకూడదు, మీ పేరు బయటపడి ఉంటుంది. పేజీ మీద లేకపోయినా ఫైల్ వివరాల్లో మీ పేరో డీటీపీ సెంటర్ పేరో ఉంటుంది. వర్డ్‌లో ఇన్ఫోలోకి వెళ్ళి ఇన్‌స్పెక్ట్ డాక్యుమెంట్ నొక్కి తీసేయండి. "నా ఎంఫిల్‌లో చూపినట్టు" అన్న ముక్క, గురువుగారికి కృతజ్ఞత కూడా ఇప్పుడు వద్దు. మీ ఒక్కరి పేరున ఒకటి, ఇంకొకరితో కలిసి ఒకటి, అంతకు మించి పంపకూడదన్న నియమం చాలాచోట్ల ఉంటుంది, అదీ చూసుకోండి.

సమస్య: గడువు దాటిపోయింది

ఏఓఈ (ఎనీవేర్ ఆన్ ఎర్త్) అని ఉంటే భూమ్మీద ఎక్కడో ఒకచోట ఇంకా ఆ తేదీ నడుస్తున్నంతవరకు అని అర్థం. 15వ తేదీ రాత్రి 11:59 ఏఓఈ అంటే మనకు 16 సాయంత్రం 5:29. అమెరికా తూర్పు తీరం టైమ్ అయితే చలికాలంలో మర్నాడు ఉదయం 10:29, వేసవిలో 9:29. అయినా ఆ నిమిషం దాకా ఆగకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అబ్‌స్ట్రాక్టులు ఎక్కించే వెబ్‌సైట్ ఈజీచెయిర్‌లో సాధారణంగా గడువు ముగిసేదాకా ఫైల్ మార్చుకోవచ్చు. అందుకే వారం ముందే ఒక ప్రతి ఎక్కించేసి, ఆ తర్వాత దిద్దుకోండి.

సమస్య: ఇద్దరు బాగుందన్నారు, ఒకరు కాదన్నారు, తిరిగొచ్చింది

ఈజీచెయిర్‌లో మార్కులు మామూలుగా మైనస్ 3 నుంచి ప్లస్ 3 దాకా ఉంటాయి. 2, 1, మైనస్ 2 వస్తే ఏడుస్తూ కూర్చోకండి, ఆ మైనస్ 2 ఇచ్చినాయన రాసింది ప్రింట్ తీసి చదవండి. ఆయనకు అర్థం కానిది ఏ లైనో వెతికి పక్కన పెన్నుతో గుర్తు పెట్టండి. ఆ లైన్ దిద్దాక ఎక్కడికి పంపాలో చూడండి. వాదన గట్టిగా ఉంటే దక్షిణాసియా భాషల మీద ఫార్మల్ (సిద్ధాంతపరమైన) పని కోసమే నడిచే ఫాసల్ అనే కాన్ఫరెన్స్ ఉంది. వర్ణన బలంగా ఉంటే ద్రావిడ భాషాశాస్త్రజ్ఞుల అఖిల భారత సమావేశం ఉంది. 'ఏటి' మీద రాసిన అమ్మాయి ఈసారి ఫాసల్ కోసం దిద్దుతోంది. నిన్న ఫోన్ చేసి, పలాసలో ఇంకో ముగ్గురు అమ్మమ్మలను అడిగానని చెప్పింది.